పది నిమిషాల గాలి

"ఏమండీ, ఇంట్లో రైలు పెట్టుకున్నారా?"

తలుపు తీయగానే ఎదురైన ప్రశ్న అది. అడిగినవాడు పక్క గదిలో దిగి రెండు రోజులే అయింది. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో కాగితాలు, ముఖం నిండా చిరాకు.

ఆమె ముఖానికి మాస్కు ఉంది. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. వెనక గదిలో ఆరు కొయ్య గుర్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. పార్కులో కొత్తగా పెట్టే రంగులరాట్నానికి బిగించాల్సిన గుర్రాలవి. మూలన కంప్రెసర్ ఒళ్ళంతా ఊగిపోతూ డగడగలాడుతోంది.

"రైలు కాదండీ, కంప్రెసర్. ఎయిర్‌బ్రష్‌కి గాలి కావాలిగా," అంది మాస్కు కిందికి లాగి.

"ఆ గాలేదో నోటితో ఊదుకోకూడదూ?"

"మీరు నోటితో చేసే పనేదో మనసులో చేసుకోకూడదూ?"

"కుదరదండీ. పిల్లల కథలు చదివి రికార్డ్ చేయడం నా పని. ఇప్పుడు రాకుమారి దారి తప్పింది. 'అడవి అంతా నిశ్శబ్దం' అని నేను చదవడం, మీ మిషన్ అందుకోవడం! పొద్దుట్నుంచి ఆ ఒక్క వాక్యం పదకొండుసార్లు చదివాను."

ఆమెకి నవ్వొచ్చింది. పెదవులు బిగపట్టింది గానీ కళ్ళు మాట వినలేదు. అది చూసి అతని చిరాకు కూడా సగానికి సగం తగ్గింది.

కిటికీ దగ్గర కుర్చీలోంచి బామ్మ తల తిప్పింది. "ఎవరే?"

"పక్క గది ఆయన బామ్మా! చప్పుడు ఎక్కువగా ఉందట!"

"ఏం చప్పుడు?" అంది బామ్మ. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఆవిడకి కాస్త చెవుడు. ఆ మేడ మొత్తం మీద కంప్రెసర్ గురించి ఫిర్యాదు చేయని మనిషి ఆవిడ ఒక్కతే.

అంతలో టాంకు నిండి మిషన్ టక్కున ఆగింది. గదిలోకి వానచప్పుడు వచ్చింది. అప్పటిదాకా బయట వాన పడుతోందని ఇద్దరికీ తెలియనే తెలియదు.

"ఆగిపోయిందే!" అన్నాడతను ఆశగా.

"టాంకు నిండింది. ఇంక పది నిమిషాలు ఆ గాలితో పని చేసుకుంటాను. ఒత్తిడి చూపే ముల్లు కిందికి దిగితే మళ్ళీ మొదలవుతుంది."

"అంటే పది నిమిషాల నిశ్శబ్దం ఉందన్నమాట. ముందే చెప్పాలి కదండీ ఆ మాట!"

అక్కడికక్కడే ఒప్పందం కుదిరింది. మిషన్ మొదలవబోయే ముందు ఆమె గోడ మీద రెండుసార్లు కొడుతుంది. అతను చదవడం ఆపి మంచినీళ్ళు తాగుతాడు. మిషన్ ఆగాక మళ్ళీ చదువుకుంటాడు. యుద్ధానికొచ్చినవాడు బామ్మ ఇచ్చిన టీ తాగి మరీ వెళ్ళాడు.

ఆ రోజు నుంచి ఆమెకి కొత్త అలవాటు పట్టుకుంది. చెయ్యి గుర్రం మీద, చెవి గోడ మీద. అటువైపు రాకుమారి వాగు దాటుతుంటే, ఇటువైపు తెల్లగుర్రం డొక్క మీద బూడిదరంగు మచ్చలు మెల్లగా తేలేవి. పాలంత పల్చగా కలిపిన రంగు, జానెడు దూరం నుంచి పొగలా వెళ్ళి వాలేది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియని మచ్చ. అతని గొంతు కూడా అలాగే ఉందనిపించేది ఆమెకి. అలా అనిపించినందుకు తనని తానే తిట్టుకుని మళ్ళీ పనిలో పడేది.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ మిషన్ నిట్టూరుస్తోందండీ."

"ఏంటీ?"

"మీరు భోజనం చేస్తున్నప్పుడు కూడా సన్నగా 'స్‌స్‌' అంటోంది. పాపం, దానికేదో బెంగ."

ఆమెకి రోషం వచ్చింది. మూడేళ్ళుగా ఆ మిషన్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది. రోజూ సాయంత్రం టాంకు అడుగున మర విప్పి, లోపల చేరిన నీళ్ళు వదిలేస్తుంది. వానాకాలం అయితే రెండుపూటలా. ఒక్క నీటిబొట్టు గాలితో పాటు వచ్చి రంగులో పడినా పనంతా పాడు. అలాంటి మిషన్‌కి వంక పెడతాడా?

"చూద్దాం పదండి," అని సబ్బునురగ కలిపి, గొట్టాల అతుకులన్నింటికీ కుంచెతో పూసింది. మొదటి అతుకు బాగానే ఉంది. రెండోదీ అంతే. మూడోదాని దగ్గర చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే గుత్తిగా పొంగాయి.

"ఇదిగో బెంగ!" అన్నాడతను చప్పట్లు కొడుతూ.

"మీవి చెవులు కావండీ బాబూ!" మరకి తెల్ల టేపు చుట్టి గట్టిగా బిగించింది. పది నిమిషాల గాలి ఆ రోజు నుంచి పదిహేను నిమిషాలొచ్చింది. గాలి ఒత్తిడి కొంచెం తగ్గించి, చెయ్యి దగ్గరగా పెట్టి వేస్తే పద్దెనిమిది కూడా వస్తోందని ఆమె కనిపెట్టింది. ఆ మూడు నిమిషాలూ ఎందుకు ఆదా చేస్తోందో అతనికి చెప్పలేదు.

లీకు పట్టినందుకు బహుమతిగా అతను అడిగింది ఒక్కటే. "నన్నూ ఒకసారి ఊదనివ్వండి."

పాత కాగితం గోడకి అంటించి, ఎయిర్‌బ్రష్ అతని చేతిలో పెట్టింది. "పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోండి. బటన్ కిందికి నొక్కితే గాలి. నొక్కి ఉంచి వెనక్కి లాగితే రంగు. ఆపేటప్పుడు మాత్రం ముందు రంగు ఆపాలి, తర్వాత గాలి."

"రెండూ ఒకేసారి వదిలేస్తే?"

"మొన దగ్గర రంగు మిగిలిపోతుంది. మళ్ళీ మొదలెట్టగానే ఉమ్ముతుంది."

అతను ఊపిరి బిగపట్టి నొక్కాడు. కాగితం మీద రంగు గుప్పున పడి, ఎనిమిది వైపులా కాళ్ళు చాపుకుంటూ పారింది.

"సాలీడు బాగా కుదిరింది," అందామె.

"మబ్బండీ అది!"

"మబ్బుకి కాళ్ళుంటాయా? చాలా దగ్గరగా పెట్టారు. ఇలా వెనక్కి రావాలి." మణికట్టు పట్టుకుని అతని చెయ్యి జానెడు వెనక్కి జరిపింది. ఈసారి కాగితం మీద మెత్తటి నీలపు మబ్బు ఒకటి మెల్లగా విచ్చుకుంది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. చెయ్యి వదిలెయ్యాలన్న సంగతి ఆమెకి తోచలేదు. గుర్తు చెయ్యాలని అతనికీ అనిపించలేదు.

కంప్రెసర్ ఒక్కసారిగా డగడగమంది. ఇద్దరూ ఉలిక్కిపడి చెరో గుర్రానికి గుద్దుకున్నారు.

"మీరు గోడ మీద కొట్టలేదు," అన్నాడతను మోకాలు రుద్దుకుంటూ.

"మీరు గోడకి ఇటువైపే ఉన్నారుగా!"

పని ముగించే వేళ కూడా అతను పక్కనే కూర్చునేవాడు. ఆమె ఎయిర్‌బ్రష్‌కున్న చిన్న రంగుగిన్నెలో మంచినీళ్ళు పోసి, రంగు పోయి తేట నీళ్ళు వచ్చేదాకా ఊదేది. తర్వాత జుట్టంత సన్నటి సూదిని వెనక్కి లాగి తీసి, గుడ్డలో పెట్టి, మొన వైపుకి మెల్లగా తుడిచేది.

"ఒక్కరోజు తుడవకపోతే ఏమవుతుంది?"

"అలుగుతుంది. మర్నాడు ఎంత బతిమాలినా పలకదు."

"అచ్చం మీలాగే. మీకు తుంపర అని పేరు పెట్టేశాను. ఎప్పుడు పడతారో, ఎప్పుడు ఆగిపోతారో తెలీదు."

"మీకు ఇదివరకే పేరుంది. మా బామ్మ మిమ్మల్ని కథల అబ్బాయి అంటుంది."

"ఆవిడకి నా కథలు వినపడవుగా?"

"అందుకే ఇంకా అభిమానంగా ఉంది."

ఆ రాత్రి పడుకోబోతూ తుంపర ఆ పేరుని పెదవులు కదలకుండా రెండుసార్లు పలికి చూసుకుంది. అతనంటే తనకి ఇష్టం. దాచుకున్నా లాభం లేదు, ఇష్టమే.

చిక్కల్లా ఆ మరుసటి వారం వచ్చింది. పుస్తకంలో చివరి అధ్యాయాలు. గడువు దగ్గరపడి అతని గొంతు బొంగురుపోయింది. గోడ మీద చప్పుడు వినగానే తలుపు దాకా వచ్చి, నవ్వుతూ దండం పెట్టాడు. "తల్లీ, ఈ మిషన్ ఒక్కటి నోరు మూస్తే చాలు. జీవితంలో ఇంకేమీ అడగను!"

అతను అన్నది సరదాకి. తుంపర మాత్రం దాన్ని మనసులో రాసిపెట్టుకుంది. వెంటనే ఫ్రిజ్ మెకానిక్ అయిన మామయ్యకి ఫోన్ చేసింది.

"మామయ్యా, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలిమిషన్ చెయ్యొచ్చు అన్నావు కదా. చప్పుడే ఉండదన్నావు."

"ఉండదు. ఎవరైనా పక్కన నిద్రపోతున్నారా ఏంటే?"

"నీకెందుకు మామయ్యా, తీసుకురా."

రెండు రోజుల్లో తెచ్చాడు. "దీనికో ఫిల్టర్ తగిలించాలి, అది రేపు తెస్తాను, అప్పటిదాకా ఆగు," అని చెప్పి మరీ వెళ్ళాడు. స్విచ్ వేస్తే పిల్లి గురక పెట్టినంత చప్పుడు. తుంపరకి కాలు నిలవలేదు. ఇవాళే వినిపించాలి, అంటే, ఇవాళే ఏమీ వినిపించకుండా చెయ్యాలి. ఏ రోజూ పాత కాగితం మీద ఊది చూడకుండా పని మొదలుపెట్టని పిల్ల, ఆ రోజు తిన్నగా గుర్రం మీదే మొదలుపెట్టింది.

తొందరలో రెండు గుర్రాలు పూర్తిచేసి వెనక్కి జరిగి చూసింది. మచ్చల నిండా సూది గుచ్చినట్టు గుండ్రటి గుంటలు. ఫిల్టర్ లేక, గాలితో పాటు కంటికి కనపడనంత నూనె వచ్చింది. నూనె పడ్డచోట రంగు నిలవక పక్కకి జరిగిపోయింది. వారం తిరిగేసరికి పార్కువాళ్ళు గుర్రాల కోసం వస్తారు.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడయింది. "తుంపర గారూ! ఇవాళ గోడ పలకట్లేదేంటి?"

ఏడుపు ముఖంతో, నూనె చేతులతో, పాడైన గుర్రాల మధ్య అతనికి కనపడటం ఆమెకి చిన్నతనంగా తోచింది. "పనిలో ఉన్నానండీ. తర్వాత రండి," అంది తలుపు తీయకుండానే. గొంతు వణక్కూడదని బిగపట్టింది. అది కటువుగా వినిపించిందని ఆమెకి తెలియలేదు.

నాలుగు రోజులు తల ఎత్తలేదు. గొట్టం మార్చింది. మామయ్య తెచ్చిన ఫిల్టర్ బిగించింది. రెండు గుర్రాలనీ గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, మళ్ళీ మొదటి పూత నుంచి వేసింది. ఐదో రోజు పొద్దున్న ఆరు గుర్రాలూ కిటికీ వెలుతురులో మబ్బుల్లో పుట్టినట్టు నిలబడ్డాయి. అప్పుడు బామ్మ టీ గ్లాసు అందిస్తూ అంది:

"కథల అబ్బాయి ఖాళీ చేస్తున్నాడట."

"ఏంటి బామ్మా?"

"రేపే. ఊరి చివర ఎక్కడో నిశ్శబ్దంగా ఉండే గది దొరికిందట. నిన్న వచ్చి చెప్పి వెళ్ళాడు. నీకు చెప్పొద్దన్నాడు, పనిలో ఉన్నావట. ముఖం చూస్తే రెండు రోజులు జ్వరం పడ్డవాడిలా ఉన్నాడు."

తుంపర గ్లాసు కిటికీలో పెట్టేసి లేచింది. తను మిషన్ నోరు మూయించింది అతను ఉండాలని. అతను వెళ్ళిపోతే ఈ నిశ్శబ్దం ఎవరికి?

పక్క గది తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతోంది. అది వెలిగినంతసేపూ లోపల రికార్డింగ్ అని లెక్క, ఎవరూ తలుపు తీయకూడదు. ఇన్ని వారాల్లో ఆమె ఒక్కసారి కూడా ఆ మర్యాద తప్పలేదు. ఇవాళ తోసుకుని లోపలికి వెళ్ళింది.

అతను మైకు ముందు ఉన్నాడు. చుట్టూ కట్టేసిన పెట్టెలు.

"వెళ్ళొద్దు!" అంది గట్టిగా. "నేను కొత్త మిషన్ తెచ్చాను. దానికి చప్పుడు లేదు. తొందరపడి గుర్రాలు పాడుచేసుకున్నాను, అందుకే తలుపు తీయలేదు. మీరు వెళ్ళక్కర్లేదు. మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం."

అతను మెల్లగా హెడ్‌ఫోన్లు తీశాడు. "రాకుమారి ఇప్పుడే ఇల్లు చేరుతోంది," అన్నాడు. "చివరి పేజీ."

"మళ్ళీ చదువుకోండి!"

"చదువుతాను. మీరు ముందు కూర్చోండి." అతని గొంతు నిజంగానే జ్వరం పడ్డట్టు ఉంది. "నేను నిశ్శబ్దం కోసం వెళ్తున్నాననుకున్నారా? ఈ ఐదు రోజులూ ఇక్కడున్న నిశ్శబ్దం భరించలేక వెళ్తున్నాను. గోడ ఎప్పుడు పలుకుతుందా అని వాక్యం వాక్యానికీ ఆగేవాడిని. మీకు నా మీద కోపం వచ్చి పనే మానేశారనుకున్నాను."

"నోరు మూస్తే చాలని మీరేగా అన్నారు!"

"మిషన్‌ని అన్నాను తల్లీ! నిన్ను అన్నానా?"

మీరు కాస్తా నువ్వు అయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. తుంపర తల వంచుకుంది. అతను కుర్చీ ముందుకి జరిపి, "నాకు కూడా ఇష్టం. మొదటిరోజు, వాన వినపడినప్పటి నుంచీ," అన్నాడు.

గుమ్మంలో ఎవరో దగ్గారు. టీ గ్లాసు పట్టుకుని బామ్మ నిలబడి ఉంది. తుంపర బుగ్గలు ఎర్రబడ్డాయి. బామ్మకి వినపడిందంటే వీధి వీధంతా విన్నట్టే.

"ఏరా అబ్బాయ్," అంది బామ్మ, "ఆ పెట్టెలు విప్పెయ్యి. మీ అమ్మానాన్నల్ని ఒకసారి మా ఇంటికి రమ్మను. దీని నాన్నతో నేను మాట్లాడతాను, నా మాట వాడు కాదనడు."

"అలాగే బామ్మగారూ," అన్నాడతను లేచి నిలబడి.

"ఇంకో మాట. ఆ పాత మిషన్ ఆడుతుంటే నేల అదిరి నా పాదాలకి తెలిసేది, ఇంట్లో మనుషులున్నారని. దాన్నీ ఆపేశారు." ఆవిడ వచ్చి వాళ్ళిద్దరి మధ్యలో పెట్టె మీద సర్దుకుని కూర్చుంది. "ఇక మీదట మీరిద్దరూ ఏం చెప్పుకున్నా ఇలాగే గట్టిగా చెప్పుకోండి. నాకూ వినాలని ఉంటుంది."