సముద్రం నిమ్మళంగా ఉండే నెల

"ఎన్నిసార్లు కక్కుకున్నరు?" అని నేను అడుగుతుండగా ఆమె లోపలికి వచ్చింది.

నేనడిగింది ఆమెను కాదు. నా ఎదురుగా కూర్చున్న ముత్యాల వ్యాపారి శ్యామ్‌సుందర్ సేటును. ఆయన సింహళం పోయి రెండు రోజుల కింద తిరిగొచ్చాడు. వేళ్ళు మడిచి చూసుకుని, "పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు రెండు" అన్నాడు. నేను నోటుబుక్కులో జనవరి గడిలో రాసుకున్నాను.

"ఇది టికెట్ల ఆఫీసా, దవాఖాననా?" అంది ఆమె గుమ్మంలోనే ఆగి.

"టికెట్ల ఆఫీసే. కూసోండ్రి."

"దవాఖానల గూడ గిట్ల అందరి ముందల అడగరు."

నా పేరు ప్రహ్లాద్. ఇది 1934 నాటి మాట. ఆబిడ్స్‌లో ఒక పార్సీ దొర నడిపే టికెట్ల ఆఫీసులో గుమాస్తాను. నాంపల్లి స్టేషన్లో రైలెక్కి, ధనుష్కోటిలో దిగి, అక్కణ్ణుంచి స్టీమరు మీద సింహళం చేరేదాకా మొత్తానికి ఒకే టికెట్ మేం రాసిచ్చేవాళ్ళం. స్టీమరు టికెట్లు అమ్మేవాణ్ణే గాని నేను సముద్రం మొహం చూడలేదు. చూడాలనీ లేదు.

ముందే చెప్తున్నాను, నేను పిరికివాణ్ణి. మూసీ తుగ్యానీ వచ్చిన ఏడు అఫ్జల్‌గంజ్‌లో మా ఇల్లు, ఇంటితోపాటు మా అమ్మానాన్నా వరదలో పోయారు. అప్పుడు నాకు ఏడాది. ఎవరో గోడ మీంచి అందిస్తే పెద్దమ్మ నన్ను అందుకుంది, పెంచింది. బావి దగ్గరికి కూడా పోనివ్వకుండా పెంచింది. ఇరవై ఏడేళ్ళు వచ్చినా హుస్సేన్‌సాగర్ కట్ట మీద టాంగా పోతుంటే నేను కళ్ళు మూసుకునేవాణ్ణి.

అందుకే ఆ నోటుబుక్కు. నేను పోలేను కాబట్టి పోయొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాణ్ణి. ఏ నెలలో ఎంతమంది స్టీమరెక్కారు, అందులో ఎంతమంది కక్కుకున్నారు. గాలుల గురించీ అలల గురించీ దొరలు పెద్ద పుస్తకాలు రాసి ఉంటారు. నా పుస్తకం మాత్రం మనుషుల కడుపుల్లోంచి వచ్చింది.

ఆమె పేరు వసుమతి. నాంపల్లిలో ఆడపిల్లల బళ్ళో పంతులమ్మ. తండ్రి సదాశివరావు గారు మా ఆఫీసుకు నాలుగడుగుల దూరంలో ఉన్న పోస్టాఫీసులో పనిచేస్తాడు. అక్క విమల పెళ్ళయి సింహళంలో ఉంది. బావగారికి కురునేగల దగ్గర కొబ్బరితోటల కంపెనీలో ఉద్యోగం.

"అక్కను చూసి మూడేండ్లయింది" అంది వసుమతి. "సముద్రం నిమ్మళంగ ఉండే నెల ఏదో తెల్సుకొనిరా, పంపిస్త అన్నడు మా నాయన. ఏ సీజన్ల పోతే మంచిది? మీరు ఎప్పుడు పోయిన్రు?"

"నేను పోలే. నాకు నీళ్ళంటే భయం."

"పేరేంది మీది?"

చెప్పాను. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. "సముద్రంల పడేసినా మునగనోని పేరు పెట్టుకొని నీళ్ళంటే భయమా?"

నేను నోటుబుక్కు తెరిచాను. ఏప్రిల్ చివర, మే మొదలు. మూడేళ్ళలో ఇరవైముగ్గురు పోతే కక్కుకున్నది ఒక్కడే. వాడూ ధనుష్కోటిలో తిన్న చేపల వల్ల. బడికి ఎండాకాలం సెలవులూ అప్పుడే. ఇంతకన్నా మంచి నెల ఇంకోటి లేదు. చెబుదామని తలెత్తాను. ఆమె గోడ మీది మ్యాపు చూస్తోంది. జడ కొస బల్ల మీద, నా సిరాబుడ్డి పక్కన పడి ఉంది.

చెప్పేస్తే పది నిమిషాల్లో టికెట్ రాయడం అయిపోతుంది. ఆమె మళ్ళీ ఈ గుమ్మం ఎక్కదు.

"జర లెక్క చూడాలె" అన్నాను. "వచ్చే వారం రండ్రి."

వచ్చే వారం వచ్చింది. ఆ పై ప్రతి వారం కూడా. ఏప్రిల్‌లో ఇక తప్పించుకోలేక గొంతు సవరించుకుని, "మే వద్దు. అలలు తాటిచెట్టంత లేస్తయి" అన్నాను.

ఆమె నా వైపు కాసేపు చూసింది. "గట్లనా?"

"గట్లనే."

"అయితే దసరా సెలవులకు పోత. అప్పటిదాంక లెక్క చూస్తనే ఉండుండ్రి."

చూస్తూనే ఉన్నాను. జులైలో ఒక సాయంత్రం ఆమె వచ్చాక వాన మొదలైంది. రోడ్డు మీద నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. నేను రెండు కాళ్ళూ కుర్చీ మీదికి తీసుకున్నాను.

"మడిమె గూడ మునగదు" అంది వసుమతి.

"మొదలు మడిమెతోనే షురూ అయితది."

ఆమె ఈసారి నవ్వలేదు. తన కుర్చీని నాకూ గుమ్మానికీ మధ్యకి జరిపి కూర్చుంది. "ఇప్పుడు మీకు కనబడది" అంది. ముప్పావు గంట కురిసింది. జీవితంలో మొదటిసారి వాన ఆగొద్దనుకున్నాను.

అక్టోబరు వచ్చింది. ఆ యేడు సింహళంలో వానలు పడలేదని వచ్చినవాళ్ళంతా చెప్పారు. అక్కడి ఏర్లను నడిచి దాటుతున్నారట. నాకు ప్రాణం లేచొచ్చింది. నీళ్ళు ఎంత తక్కువైతే భయం అంత తక్కువని నా లెక్క. "ఈ దసరా కంటే మంచి అదను దొరకది" అని నా నోటితోనే సదాశివరావు గారికి చెప్పాను. శ్యామ్‌సుందర్ సేటు, ఆయన భార్య తోడుగా పోతున్నారు. రావు గారు ఒప్పుకున్నాడు.

నాంపల్లి స్టేషన్లో రైలు కదిలేముందు వసుమతి కిటికీలోంచి నన్ను పిలిచింది. "దీపావళికి వచ్చేస్త. ఎన్నిసార్లు కక్కుకున్ననో మొదలు మీకే చెప్త."

దీపావళికి సేటు దంపతులు వచ్చారు. ఆమె రాలేదు.

"అక్కకు చలిజ్వరం తగిలింది. చెల్లె అక్కడనే ఆగింది" అన్నాడు సేటు. ఆయన్ని నేను ఎన్నిసార్లు కక్కుకున్నరని అడగలేదు. ఆయనే కాసేపు ఎదురుచూసి లేచిపోయాడు.

నవంబరు ఆఖరులో తండ్రి పేర వసుమతి కార్డు వచ్చింది. అక్కకు నయమైంది, ఇప్పుడు నాకు వచ్చింది, ఫికర్ చేయకుండ్రి, అని మూడు ముక్కలు. అక్షరాలు గీత మీంచి కిందికి జారిపోయాయి.

ఆ తర్వాత ఏమీ రాలేదు. నేను రోజూ పొద్దున పోస్టాఫీసు మెట్ల కింద నిలబడేవాణ్ణి. సంచులు విప్పాక సదాశివరావు గారు కిటికీ దగ్గరికి వచ్చి తల అడ్డంగా ఊపేవాడు. ఆయనకు దమ్ము. చలి ముదిరేకొద్దీ కిటికీ దాకా వచ్చేసరికే ఎగశ్వాస పట్టేది. ఒకరోజు ఆయన తల ఊపడం కూడా మానేశాడు. ఊరికే నిలబడి నన్ను చూశాడు. 

డిసెంబరులో పేపర్లో పడింది. మా దొర చదివి నా ముందు పెట్టాడు. సింహళంలో వానలు లేక ఏర్లు ఎండి మడుగులయ్యాయి. మడుగుల నిండా దోమలు. ఊళ్ళకు ఊళ్ళు మలేరియాతో పడిపోయాయి, వేలమంది పోతున్నారు. అన్నిటికన్నా ఎక్కువ కురునేగల వైపు.

నేను పుట్టినప్పట్నుంచీ భయపడ్డది నీళ్ళకు. అక్కడ మనుషులు చచ్చిపోతున్నది నీళ్ళు లేక. వానలు లేవని సంబరపడి ఆమెను పంపిన మొనగాణ్ణి నేను. మే నెలలో పంపి ఉంటే అక్కను చూసి, నవ్వుకుంటూ జూన్‌కల్లా వచ్చేసేది. 

పేపరు పట్టుకుని పోస్టాఫీసుకు పోయాను. సదాశివరావు గారు అప్పటికే చదివినట్టున్నాడు.

"నేను పోయి తీస్కొస్త" అన్నాను.

ఆయన ఊపిరి అందేదాకా ఆగాడు. "నువ్వా? ఏమైతవని పోతవు బిడ్డా? అడిగినోళ్ళకు నేనేం చెప్పాలె?"

 నా దగ్గర ఉన్నది ఒక్క తప్పే. అది చెప్పాను. "మే నెలనే మంచిదుండె రావు సాబ్. నేను అబద్ధం చెప్పిన. టికెట్ రాసిస్తే ఆమె మళ్ళ ఆఫీసుకు రాదని చెప్పిన."

కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈ నెలల సముద్రం ఎట్లుంటది?" అన్నాడు.

నా నోటుబుక్కులో డిసెంబరు గడి నాకు కంఠతా వచ్చు. పదిహేనుమంది పోతే పద్నాలుగుమంది కక్కుకున్నారు. "బాగుండది" అన్నాను.

"పోయి తీస్కరా. ఏమైతవో వచ్చినంక మాట్లాడుదం."

పెద్దమ్మకు మద్రాసు పోతున్నానని చెప్పాను. అబద్ధం కాదు, మద్రాసు మీదుగానే పోవాలి.

ధనుష్కోటిలో స్టీమరు చూడగానే వెనక్కి తిరిగాను. నిజమే చెప్తున్నాను, తిరిగి పది అడుగులు నడిచాను. నాలుగు పక్కలా నీళ్ళు, గాలి, వాన. మడిమెతోనే మొదలవుతుందని నేనన్న మాట గుర్తొచ్చింది. నాకూ గుమ్మానికీ మధ్య ఆమె జరిపిన కుర్చీ గుర్తొచ్చింది. మళ్ళీ తిరిగి, కళ్ళు మూసుకుని, ముందువాడి భుజం పట్టుకుని ఎక్కాను. దాటినంతసేపూ ఇనుప కడ్డీని వదల్లేదు. దిగాక కూడా వేళ్ళు విప్పడానికి ఒక కూలీ సాయం చేశాడు.

కురునేగల స్టేషన్ నుంచి ఎడ్లబండి. దారి పొడుగునా కొబ్బరిచెట్లు. వాటి కింద ఇళ్ళు, ఇళ్ళ ముందు ముడుచుకుని వణికే మనుషులు. బండివాడు ఒక్కో ఇంటివైపు చెయ్యి చూపి వేళ్ళు చూపించాడు. రెండు, నాలుగు, ఒకటి. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక అటు చూడలేదు.

కంపెనీ ఇంటి తలుపు మూసి ఉంది. కొట్టాను. ఎముకలు తేలిన మనిషి ఒకామె తలుపు తీసింది. పోలికను బట్టి విమల అని తెలిసింది.

"ఎవరు?"

"హైదరాబాద్ నుంచి వచ్చిన. ప్రహ్లాద్. టికెట్ల ఆఫీసు." అంతవరకే వచ్చింది.  ఎట్లా అడగాలి? ఉందా అని అడగాలా? విమల నోటి మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది. 

లోపలి గదిలోంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. "ఎన్నిసార్లు?"

నేను గుమ్మం పట్టుకున్నాను.

"ఎన్నిసార్లు కక్కుకున్నరు?"

"తొమ్మిది" అన్నాను. గడప మీద కూలబడి పెద్దమ్మ ముందు కూడా ఏడవనంత ఏడ్చాను.

జ్వరానికి ఆమె జుట్టు కత్తిరించేశారు. మంచం మీద దిండుకానుకుని కూర్చుంది, కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. తోటలో కార్డు తీసుకుపోయి పోస్టులో వేసేటంత ఓపిక ఉన్న మనిషి లేక ఉత్తరాలు ఆగాయట. విమల గంజి తేవడానికి పోగానే నేను తల దించుకుని చెప్పేశాను.

"మే నెల మంచిదుండె. అలల మాట అబద్ధం."

"ఎరుకే."

తలెత్తాను.

"బళ్ళ నేను చెప్పేది జాగ్రఫీ" అంది వసుమతి. "మాన్సూన్ రాకముందు గాలి అటు లేదు, ఇటు లేదు, సముద్రం నిమ్మళంగ ఉంటదని బోర్డు మీద గీసి చెప్పేదాన్ని. మీరు తాటిచెట్టంత అనంగనే నవ్వొచ్చింది."

"మరి నన్నెందుకు అడిగిన్రు?"

"అడుగుడు అయిపోతే ఆఫీసుకు ఏం పని మీద రావాలె?"

 బయట వాన మొదలైంది.

"మంచంల వణుక్కుంట నేనూ అదే తలుసుకున్న" అంది. "మేల వచ్చి పోతే ఈ బాధ లేకపోవు గద అని. మళ్ళ అనుకున్న, అట్లయితే బావ గూడ మంచం పట్టినంక జ్వరంల అక్క నోట్ల నీళ్ళు పోసేటోళ్ళెవరుండిరి? తప్పయితే సగం నాది. సగం మీది. పెద్దగ ఏడవకుండ్రి."

నెల దాటి ఉన్నాను. ఊళ్ళకు క్వినైన్ పంచేవాళ్ళ వెంట తిరిగాను. మోకాలు లోతు వాగులు దాటాను, ప్రతిసారీ భయపడుతూనే. ఫిబ్రవరిలో ఆమె నడవగలిగాక, విమలనూ బావగారినీ తోడు తీసుకుని అందరం బయల్దేరాం. స్టీమరు మీద వసుమతి నా పక్కన, నీళ్ళు కనబడకుండా అడ్డంగా కూర్చుంది.

నాంపల్లి ప్లాట్‌ఫారం మీద సదాశివరావు గారు కూతురి తల నిమిరి, ఆ కురచ జుట్టు మీద చాలాసేపు చెయ్యి తీయలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమైతవో మాట్లాడుదమన్న గద" అన్నాడు. "మాఘంల ముహూర్తాలు మస్తు దగ్గర పడ్డయి. పిల్లకు జర జుట్టు పెరగనీ. మే నెలల పెట్టుకుందమా?"

"మే వద్దు" అన్నాను.

"ఏం? మేల ఏమైతది?"

నేను నోరు తెరిచేలోపే వసుమతి అందుకుంది. "అలలు తాటిచెట్టంత లేస్తయి నాయనా. మాఘంలనే పెట్టు."