పదకొండో పేజీలో రాములు

“సాయంత్రం అయిదింటి లోపు ఆ వార్త అడుక్కి పోవాలి,” అన్నాడు చీఫ్ ఫోన్లో.

“తీసేయమని అడగొచ్చుగా సార్?”

“సెర్చ్ ఇంజన్ వాళ్లకి మెయిల్ పెట్టాం. పది రోజుల్లో పరిశీలిస్తారట.”

ఏజెంట్ సెవెన్టీన్ విశ్వేశ్వరరావు ఫోన్ పెట్టేసి టూల్ కిట్ భుజానికెత్తుకున్నాడు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఏసీ మెకానిక్ వేషం ఇది ఆరోసారి. అది 2011 సెప్టెంబరు. సకల జనుల సమ్మెతో కరెంటు లేక హైటెక్ సిటీ జనరేటర్ల మీద నడుస్తోంది. గేటు నుంచి నాలుగో అంతస్తుకి చేరేలోపు ముగ్గురు ఆపి ఏసీ బాగుచేయమన్నారు.

‘కొత్తగూడ రాములు’ అని వెతికితే మొదట వచ్చే వార్త ఇదీ: ‘ఆంధ్రా టెకీపై టీ స్టాల్ యజమాని కత్తితో దాడి’. పక్కనే కత్తి పట్టుకుని రాములు. రెండేళ్ల కిందట అతను ఎండాకాలంలో పుచ్చకాయలు అమ్మినప్పటి ఫొటో అది. కాయని కత్తిరించేసి కత్తిని ఉంచారు. ఈ వార్త వండినది ఓ విదేశీ ముఠా. ఈ ఐటీ కారిడార్ తగలబడితే ఇక్కడి కాంట్రాక్టులు వాళ్ల దేశానికి పోతాయి. సరిగ్గా 4:55కి అన్ని కంపెనీలకూ వాళ్ల మెయిల్ వెళ్తుంది: ‘కొత్తగూడ రాములు ఏం చేశాడో మీరే వెతికి చూడండి.’ అయిదింటికి ఆఫీసులు వదులుతారు. రాములు స్టాల్ జంక్షన్‌లోనే ఉంది. వాడు బతికి ఇంటికెళ్లడు.

ఏ దాడీ జరగలేదన్న పోలీసుల ప్రకటన కూడా నెట్‌లో ఉంది, పదకొండో పేజీలో. ఒకప్పుడు వార్త వెతికితే వార్తే దొరికేది. ఇప్పుడు ఎక్కువమంది నొక్కిందే వార్త. విశ్వేశ్వరరావుకి విసుగొచ్చింది.

నాలుగో అంతస్తులోని ముఠా ఆఫీసులో భార్గవి ఎదురొచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, కర్నూలు యాస. ముఠా జీతం తీసుకుంటూ రెండేళ్లుగా మనవాళ్లకి సమాచారం ఇస్తున్న డబుల్ ఏజెంట్.

“ఏసీలో గ్యాస్ అయిపోయిందా?”

“అయిపోలేదు మేడమ్. అలిసిపోయింది.”

కోడ్ సరిపోయింది. ఆమె తలుపు వేసింది.

“మెయిల్ ఆపేది నా చేతుల్లో లేదు సార్. ఆ వార్తని కిందికి తొయ్యొచ్చు, అంతే. కొత్త వార్తలో అవే మాటలుండాల. జనం దాన్నే ఎగబడి నొక్కాల.”

“అవే మాటలంటే?”

“కొత్తగూడ. రాములు. టీ స్టాల్.”

“పోలీసుల ప్రకటన పైకి తెస్తే?”

“దాన్నెవరు నొక్కుతారు సార్?”

గడియారం 4:31. విశ్వేశ్వరరావు తల దించుకుని, “హీరోయిన్ పెళ్లి,” అన్నాడు.

స్క్రూడ్రైవర్ పిడి తిప్పి అందులోని పెన్ డ్రైవ్ ఇచ్చాడు. మూడు వందల సైట్లలో ఒకేసారి వార్త పెట్టే ప్రోగ్రామ్ అది. 4:47కి జనరేటర్ ఆగింది. చీకట్లో యూపీఎస్ కీచుమంటుంటే భార్గవి టైపు చేస్తూనే ఉంది. అబద్ధాన్ని ఆపడానికి ఇంకో అబద్ధం వండుతున్నందుకు అతనికి సిగ్గుగా ఉంది. అయినా ఆపమనలేదు.

4:54. పేజీ మారింది. ‘కొత్తగూడ టీ స్టాల్ రాములుతో ప్రముఖ హీరోయిన్ రహస్య వివాహం.’ కత్తి వార్త రెండో పేజీకి దిగింది.

4:55. మెయిల్ వెళ్లింది.

అయిదుంపావుకి కొత్తగూడ జంక్షన్ నిండిపోయింది. ఎవరి చేతిలోనూ రాయి లేదు. అందరూ చాయ్ చెప్పి, రాములు భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు.

జనం పలచబడ్డాక విశ్వేశ్వరరావు కూడా చాయ్ అడిగాడు. రాములు గ్లాసు అందించాడు.

“అన్నా, నేను కత్తితోని పొడిచిన్నని వార్త వచ్చిందంట. నువ్వు ఆఫీసులల్ల తిరుగుతవ్ గద. నేనేం జెయ్యలేదని కంప్యూటర్ల ఏడనన్న ఉన్నదా, జర జెప్పు.”

“ఉందయ్యా. పదకొండో పేజీలో.”

వెనక నుంచి రాములు భార్య ఈరమ్మ గరిటెతో ముందుకొచ్చింది.

“గా పదకొండో పేజీ నాకెందుకు? మొదటి పేజీల ఉన్నదెవతో జెప్పు ముందుగాల.”

“నాకేం తెలుసమ్మా,” అన్నాడు ఏజెంట్ సెవెన్టీన్, టూల్ కిట్ అందుకుంటూ. “నేను ఏసీ మెకానిక్‌ని.”