పిడుగు పడ్డ ఒళ్ళు

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు... కానీ ఇటుకల బట్టీ మీద కాటుక కుమ్మరించినట్టు కారుమేఘాలు! పగలన్న సంగతి మరిచి ఎక్కడో గుడ్లగూబ కూసింది...

ఎత్తైన పొగగొట్టం కింద, మాంత్రికుడు గీసిన బూడిద వలయం మధ్యలో పడి ఉందామె. నిన్న సాయంత్రం ఆ గొట్టం మీద పిడుగు పడ్డప్పుడు పక్కనే ఇటుకలు మోస్తోంది. ప్రాణం దక్కింది. కానీ మెడ నుంచి నడుం దాకా ఎర్రటి కొమ్మలూ రెమ్మలూ... చర్మం కింద చెట్టు మొలిచినట్టు!

"పిశాచం వేళ్ళూనింది! ఈ ఒంటిని ముట్టుకున్నవాడికి అది ఎక్కుతుంది!" అన్నాడు మాంత్రికుడు. అంతే. అప్పట్నుంచి గుక్కెడు నీళ్ళు పోసిన దిక్కు లేదు.

కబురంది పరుగున వచ్చాడు అన్న. కరెంటు లైన్‌మన్.

"అన్నా... దాహం..."

అతను చుట్టూ మూగిన జనం మీద విరుచుకుపడ్డాడు. "పిడుగు తాకితే ఒంటి మీద ఇలాంటి గీతలే పడతాయిరా సన్నాసుల్లారా! రెండు రోజుల్లో మాయమవుతాయి. ముందు ఈ గొట్టం దగ్గర్నుంచి కదలండి!"

మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "పడ్డచోట పిడుగు మళ్ళీ పడదురా, పిచ్చోడా!"

"నిన్నడిగి పడుతుందా? ఎత్తుగా ఉన్నదాని మీద ఎన్నిసార్లయినా పడుతుంది!"

చెల్లెల్ని భుజాన వేసుకున్నాడు. అతన్ని ఆపాలంటే ముట్టుకోవాలిగా! జనం చీలి దారిచ్చారు. దూరంగా ఆగి ఉన్న ఇటుకల లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, తలుపు మూశాడు.

వాన మొదలైంది. జనమంతా షెడ్డులోకి దూరారు. మాంత్రికుడొక్కడే కపాలం గుచ్చిన ఇనుప త్రిశూలాన్ని ఆకాశానికెత్తి అరిచాడు. "పిశాచమా... రా!"

వచ్చింది! భూనభోంతరాళాలు దద్దరిల్లేలా, ఫెళఫెళమంటూ... మొదలు నరికిన మానులా కూలాడు మాంత్రికుడు.

లైన్‌మన్ అతని దగ్గరికి పరిగెత్తాడు. షెడ్డులోంచి ఉరికొచ్చిన మాంత్రికుడి శిష్యులు పొడుగాటి కర్రలు అడ్డుపెట్టారు.

"గుండె ఆగిందిరా! ఛాతీ నొక్కితే బతకొచ్చు! ఒంట్లో కరెంటేమీ మిగలదు, తప్పుకోండి!"

"ముట్టుకోవద్దు! గురువుగారి మాట!"

మాంత్రికుడి గొంతులోంచి ఘుర్రుమని ఎగశ్వాస... "అదిగో పిశాచం!" శిష్యులు కర్రలు ఇంకా బిగించారు. మళ్ళీ ఒకటి... ఇంకొకటి... ఆపైన లేదు.

కర్రల్ని తోసుకుని దూకాడు లైన్‌మన్. నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు... లాభం లేకపోయింది. పిడుగుకి మిగిలిన ఆ కాస్త ప్రాణాన్నీ, వాడు నూరిపోసిన భయమే మింగేసింది!

లైన్‌మన్ లేచాడు. పెద్ద శిష్యుడి వేలు అతనివైపు తిరిగింది.

"ఇప్పుడది వీడిలో ఉంది..."

కర్రలన్నీ అటే లేచాయి.

లారీ తలుపు కిర్రుమంది. చెల్లెలు దిగింది. తూలుతూ, రెండు చేతులూ చాచి, కర్రలకెదురు నడిచింది.

"రండి... ఒక్కొక్కర్నీ ముట్టుకుంటాను."

కర్రలు బురదలో పడ్డాయి. పరుగులే పరుగులు!