ఆవిరి ఊళ్ళో తల వంచని పిల్ల

"బెప్పులో ఎక్కడ ఉండమంటారు? ఏం చూడమంటారు?"

గొడుగైనా మడవకుండా, నీళ్ళు కారుస్తూ కౌంటర్ ముందు నిలబడి అడిగాడతను. బయట జూన్ వాన. జపాన్‌లో వేడినీటి ఊటలకి పేరుపడ్డ మా బెప్పు ఊరంతా తడిసి ముద్దయిపోతోంది.

కౌంటర్ వెనక కూర్చున్న మినోరి ముందు గొడుగు వైపు చూసింది, తర్వాత మనిషి వైపు. మనిషి బాగానే ఉన్నాడు. చేతిలో బ్యాగు మాత్రం లేదు.

"ముందు ఆ గొడుగు బయట దులిపి రండి. మా కరపత్రాలకి ఈత రాదు."

అతను బుద్ధిగా వెళ్ళి దులిపి వచ్చాడు.

స్టేషన్‌లో ఆ కౌంటర్ మా ఊరి బసల యజమానుల సంఘానిది. దానికో నియమం ఉంది. ఎవరేమడిగినా అన్ని బసల కరపత్రాలూ వరసగా పరిచి, చిరునవ్వుతో "అన్నీ బాగుంటాయండీ" అనాలి. ఒకటి మంచిదనకూడదు, ఇంకోటి చెడ్డదనకూడదు. మినోరికి ముందు పనిచేసినావిడ ఆ ఒక్క మాటతోనే ఉద్యోగమంతా వెళ్ళదీసి హాయిగా రిటైరైపోయింది. మినోరి నోట మాత్రం ఆ మాట వస్తే ఒట్టు.

"ఎన్ని రోజులుంటారు?"

"రెండు."

"అయితే కన్నవా పేట వైపు రూమ్ తీసుకోండి. పొద్దున్నే సముద్రం ఒడ్డుకెళ్ళి వేడి ఇసుకలో మెడదాకా పూడ్పించుకోండి. ఒంటినొప్పులన్నీ ఎగిరిపోతాయి. మధ్యాహ్నం కన్నవా సందుల్లో తిరగండి. మ్యాపు చూడకండి, నేలలోంచి ఎగసే ఆ ఆవిర్లలో దారి తప్పితేనే మజా. సాయంత్రం హినోకియా అనే బసలో స్నానం. అలాంటి నీళ్ళు ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేవు."

"మరి భోజనం?"

"అక్కడ మాత్రం వద్దు."

"ఏం? బాగుండదా?"

"ఒకప్పుడు ఆ నేల ఆవిరితోనే, ఆవిరి పొయ్యి మీద వండేవారు. ఇప్పుడు ఎక్కడినుంచో వ్యాన్‌లో ట్రేలు దిగుతున్నాయి. గుమ్మం మీద బోర్డు మాత్రం 'ఇంటి వంట' అని! చేప పైన వేడిగా, లోపల చల్లగా ఉంటుంది. నా డబ్బు పెట్టి తిని మరీ చెబుతున్నా."

అతను జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి రెండు చేతులతో ఎంతో మర్యాదగా అందించాడు. మావాళ్ళకి మర్యాద మరీ ఎక్కువైందంటే లోపల ఒళ్ళు మండుతోందనే అర్థం.

"షింగో. హినోకియా యజమానురాలి కొడుకుని. మా గురించి ఇక్కడేం చెబుతున్నారో విందామని వచ్చాను. ఆ చల్లటి చేప మాదే."

ఇంకొకరైతే ఉన్నపళాన నుదురు కౌంటర్‌కి తగిలేదాకా వంగి క్షమాపణ అడిగేవారు. మా ఊళ్ళో కాలు తొక్కినవాడి కన్నా తొక్కించుకున్నవాడే ముందు సారీ చెబుతాడు. మినోరి మాత్రం కార్డు చదివి పక్కన పెట్టింది.

"మంచిదైంది. అసలు మీకే చెప్పాలి. ఆ బోర్డు తీసేయించండి."

"సారీ చెప్పరా?"

"నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"అది కాదు..."

"టూరిస్టులా నటిస్తూ వచ్చింది మీరు. చెబితే మీరే చెప్పాలి."

"సారీ" అన్నాడు షింగో టక్కున. అన్నాక నాలిక కరుచుకున్నాడు. వెధవ అలవాటు!

మినోరికి నవ్వు ఆగలేదు. అతను ఎర్రబడ్డ మొహంతో గొడుగు అక్కడే మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు కౌంటర్ మేనేజర్ కవబె గారు తల పట్టుకుని వచ్చాడు.

"కొంప ముంచావమ్మా మినోరీ! హినోకియా పెద్దావిడ సంఘానికి కంప్లైంట్ ఇచ్చింది. పద, మిఠాయి పెట్టె పట్టుకెళ్ళి క్షమాపణ చెప్పి వద్దాం."

"నేను చెప్పను సార్."

"నీ తలేమైనా మణుగు బరువా? ఓసారి దించి ఎత్తు, అంతే కదా! లేకపోతే నీ ఉద్యోగం పోతుంది తల్లీ."

ఆ కౌంటర్ కుర్చీ అంటే మినోరికి ప్రాణం. రైలు దిగి బిక్కమొహంతో వచ్చినవాళ్ళు మర్నాడు నవ్వుతూ వెళుతుంటే, ఆమెకి అదొక పండగ. ఆ కుర్చీ కోసమే కవబె గారి వెంట వెళ్ళింది. వెళ్ళడం వరకే.

హినోకియా ముందుగదిలో కవబె గారు చాప మీద పూర్తిగా వంగిపోయి, పెట్టెని ముందుకి తోశాడు. ఎదురుగా ఫుమియె గారు, షింగో వాళ్ళమ్మ, కిమోనోలో కర్రలా నిటారుగా కూర్చుని ఉంది. పక్కన షింగో. మినోరి కూడా నిటారుగానే కూర్చుంది. గదిలో వంగినవాడు కవబె గారొక్కడే. ఆయన ఓరగా చూసి, ఇంకాస్త వంగాడు, ఆమె వంతు కూడా తనే వంగుతున్నట్టు.

"నా పొట్ట కొట్టడానికి నువ్వెవరివమ్మాయ్?" అంది ఫుమియె గారు.

"ఎవర్నీ కానండీ. కానీ వచ్చేవాళ్ళకి ఏడాది మొత్తానికి దొరికే సెలవు ఆ రెండ్రోజులే. అది పాడైతే మీరు తిరిగిస్తారా, నేనిస్తానా?"

"ఆహా! పెద్ద ధర్మదేవత! ఆ పొయ్యి దగ్గర మా ఆయన నిలబడేవాడు. ఆయన పోయాక ఆ మూత ఎత్తడానికి నాకు చేతులు రాలేదు. అది కూడా చెబుతున్నావా నీ టూరిస్టులకి?"

ఇది మినోరికి తెలియదు. ఆ పెద్దావిడ చేతుల వైపు చూస్తే నిజంగా జాలేసింది.

"మిమ్మల్ని నొప్పించానని బాధగా ఉందండీ, ఒట్టు. కానీ నేను చెప్పింది తప్పని మాత్రం అనలేను. చేప చల్లగానే ఉంది."

కవబె గారు చాప మీదనుంచే మూలిగాడు. షింగో తలెత్తి మినోరి వైపు చూశాడు. ఈసారి కోపంగా కాదు.

"శనివారం సంఘం మీటింగు" అంది ఫుమియె గారు లేస్తూ. "అందరి ముందూ తల వంచు. లేదా ఆ కుర్చీ ఖాళీ చెయ్యి."

ఆ సాయంత్రం కౌంటర్ మూసే వేళకి షింగో మళ్ళీ ఊడిపడ్డాడు. చేతిలో వెదురుబుట్ట.

"గొడుగు కోసమా?" అంది మినోరి.

"కాదు. ఇది తిని చెప్పండి."

మూత తీస్తే పగిలిపోయిన గుడ్డు, రంగు మారిన క్యాబేజీ.

"ఏమిటిది? ఏదైనా ప్రమాదం జరిగిందా?"

"పొయ్యి తెరిచాను. మీరు వెళ్ళినప్పటినుంచీ తంటాలు పడుతున్నా."

"మీ అమ్మగారికి తెలుసా?"

"చూస్తూనే ఉంది. మాట్లాడటం మానేసింది, అంతే."

మినోరి ఓ ముక్క నోట్లో వేసుకుంది. "క్యాబేజీ ఉడికి ఉడికి ప్రాణం వదిలేసింది. గుడ్డు సంగతి చూస్తే తెలియట్లేదా!"

"కాస్త మెల్లగా తిట్టొచ్చుగా?"

"మెల్లగా తిట్టేవాళ్ళు కావాలంటే వేరే కౌంటర్‌కి వెళ్ళండి."

అతను నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. బాగుందని తనకి అనిపించినందుకు మినోరికి తన మీద తనకే చిరాకేసింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వాన ఆగలేదు, అతనూ ఆగలేదు. స్టేషన్ చూరు కింద బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని తినేవాళ్ళు. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఒకరోజు అతని మణికట్టు మీద ఆవిరి కాల్చిన ఎర్రటి మచ్చ కనబడింది. మినోరి ఏమీ అనకుండా చెయ్యి లాక్కుని మందు రాసింది. రాయడం అయిపోయినా ఆ చెయ్యి వదలడం మర్చిపోయింది. అతనూ గుర్తు చెయ్యలేదు.

"నీకు నచ్చేదాకా తెస్తూనే ఉంటాను" అన్నాడు షింగో.

ఆరోజు రొయ్యలు వెన్నలా ఉన్నాయి. నచ్చిందంటే రేపటినుంచి రాడేమో! అబద్ధం ఆడాలని మినోరికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనిపించింది.

"బాగుంది" అంది చివరికి, ఏడుపు మొహంతో.

"బాగుంటే ఆ మొహమేంటి?"

"నా మొహం నా ఇష్టం!"

శనివారం మీటింగుకి ఊళ్ళో బసల యజమానులంతా వచ్చారు. అధ్యక్షుడు గొంతు సవరించుకుని, "ఆ, అమ్మాయ్, కానివ్వు" అన్నాడు.

మినోరి లేచి నిలబడింది. మెడ మాత్రం వంగలేదు.

"నేను తప్పు చేసిన రోజున మీరు అడగకుండానే తల వంచుతాను. ఇవాళ వంచను. 'అన్నీ బాగుంటాయి' అని చెప్పడానికి మనిషెందుకు, గోడకి ఓ కాగితం అంటిస్తే సరిపోదూ?"

హాల్లో గుసగుసలు. షింగో లేచాడు.

"ఈ అమ్మాయి చెప్పింది నిజం. ట్రేల్లో వచ్చినదాన్ని మేం ఇంటి వంట అని అమ్ముకున్నాం. మా కంప్లైంట్ వెనక్కి తీసుకుంటున్నాం."

"నేను తీసుకోను" అంది ఫుమియె గారు కొడుకు మొహమైనా చూడకుండా. "హినోకియాకి ఇంకా నేనే యజమానురాలిని."

ఇంకేముంది! మినోరి కుర్చీ పోయింది.

హాలు మెట్ల మీద వాన చినుకులు గంతులేస్తున్నాయి. షింగో వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

"మినోరీ, ఆగు! మనం పెళ్ళి చేసుకుందాం."

ఆమె ఆగింది. మొహం మీద వాన పడుతున్నా తుడుచుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం" అన్నాడు రొప్పుతూ. "నాకు మొహం మీద నిజం చెప్పింది నువ్వొక్కదానివే. కాకపోతే... అమ్మని వదిలేసి రాలేను. ఒక్కసారి అమ్మ ముందు తల వంచు. సంఘం కోసం కాదు, మన కోసం."

మినోరి మొహంలో వెలుగు ఆరిపోయింది.

"ఇప్పుడు హాల్లో నా తరఫున నిలబడింది నువ్వేనా?"

"అది వేరు, ఇది వేరు..."

"రెండూ ఒకటే షింగో. నాకూ నువ్వంటే ఇష్టమే. ఎంతిష్టమో చెబితే నీకు పొగరెక్కుతుంది. కానీ ఇవాళ మన కోసం వంచితే, రేపు ఇంటి పరువు కోసం వంచమంటారు, ఎల్లుండి అలవాటైపోతుంది. అప్పుడు మీ ఇంట్లో మిగిలేది నేను కాదు, ఇంకెవరో."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"ఏమో. నాకు తెలిసిందల్లా ఏం చెయ్యనో!"

గొడుగు లేకుండానే గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని కళ్ళు వాచేలా ఏడ్చింది. ఏడిచాక మొహం కడుక్కుని, వంటింట్లోంచి మడత టేబుల్ బయటికి లాగింది.

స్టేషన్ ఎదురుగా మూతపడ్డ గడియారాల కొట్టు ఒకటుంది. ఓనర్ ముసలాయన్ని అడిగి దాని పందిరి కింద టేబుల్ వేసుకుంది. ఓ అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది: 'ఎక్కడ ఉండాలి, ఏం చెయ్యాలి. ఉన్నదున్నట్టు చెప్పబడును.'

మొదట ఎవరూ రాలేదు. తర్వాత ఒక జంట వచ్చింది. వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. వానాకాలం వెళ్ళేసరికి ఆ పందిరి కింద వరస కట్టసాగారు. ఎదురుగా అసలు కౌంటర్‌లో కవబె గారు కరపత్రాలకి దుమ్ము దులుపుకుంటూ, ఎవరూ చూడకుండా ఆమెకి చెయ్యి ఊపేవాడు. అంతా బాగానే ఉంది, సాయంత్రాలే బాగోలేదు. బుట్ట పట్టుకుని ఎవరూ రావడం లేదు. అతనూ పంతం పట్టాడు కాబోలు. పట్టనీ! తనకి లేదా ఏమిటి పంతం?

ఎండ కాస్తున్న ఒక ఉదయం, వరసలో ఉన్న జనం ఉన్నట్టుండి పక్కకి జరిగారు. కిమోనోలో ఫుమియె గారు! ఆవిడ వెనకాల మూత పెట్టిన పళ్ళెం మోస్తూ షింగో. అతను చిక్కిపోయాడు. మినోరి వైపు చూడాలా వద్దా అన్నట్టు చూశాడు.

పెద్దావిడ పళ్ళెం అందుకుని టేబుల్ మీద పెట్టి మూత తీసింది. ఘుమఘుమలాడే ఆవిరి మినోరి మొహానికి కొట్టింది.

"నా చేత్తో చేశాను. తిను. తిని అందరి ముందూ చెప్పు."

జనం ఊపిరి బిగబట్టారు. మినోరి చాప్‌స్టిక్స్ తీసుకుని అన్నీ కొంచెం కొంచెం తింది. తొందరపడలేదు.

"కోడిమాంసం అద్భుతంగా ఉందండీ. చిలగడదుంప ఇంకాస్త ఉడకాలి."

వరసలో ఎవరో "అయ్యో" అన్నారు. షింగో కళ్ళు మూసుకున్నాడు.

ఫుమియె గారు కొడుకు వైపు తిరిగి కసురుకుంది. "చెప్పానా లేదా? మూత అప్పుడే తియ్యొద్దురా అని!" మళ్ళీ ఇటు తిరిగింది. ఆవిడ గొంతు మారింది. "వీడు తిండి మానేశాడు. 'వెళ్ళి దాన్ని బతిమాలుకో' అంటే వెళ్ళడు. 'తల వంచమని అడిగి తప్పు చేశాను, ఇంకే మొహంతో వెళ్ళను' అంటాడు. మా ఇంట్లో కోడలు కాబోయే పిల్ల వచ్చి, అత్త ముందు తల వంచి, మీ ఇంట్లోకి రానిమ్మని అడగడం ఆనవాయితీ. నేనూ అలాగే వచ్చాను."

"నేను వంచనండీ" అంది మినోరి.

"తెలుసు. అందుకే నేనే వచ్చాను."

అంటూనే ఆవిడ రెండు చేతులూ ముందు జోడించి, నడివీధిలో, అంతమంది చూస్తుండగా నడుం వంచబోయింది.

మినోరి టేబుల్ చుట్టూ ఒక్క ఉరుకున వచ్చి ఆవిడ భుజాలు పట్టేసుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా రాలుతున్నాయి.

"వద్దత్తయ్యా! నేనూ వంచను, మీరూ వంచకండి. ఇద్దరం నిలబడే మాట్లాడుకుందాం."