నాలుగో తాళంకప్ప

ఆమెది మెట్ల కింద పదడుగుల షాపు. ముందు తాళంచెవులు కోసే మిషను, పక్కగోడ మీద మేకులకు వేలాడే కోయని చెవులు, వెనక సున్నం కొట్టిన గోడకు ఆనించి నాన్న కుర్చీ. ఆ గోడకు అవతల ఏమీ లేదు. మెట్లు కట్టినప్పుడు పోసిన మట్టి, అంతే.

ఆమెకు నలభై దాటినా ఆ వీధికి ఇంకా తాళాలమ్మాయే. చెవి పోగొట్టుకున్నవాళ్లు, తలుపు మూసుకుపోయి బయట నిలబడిపోయినవాళ్లు, ఇంట్లో గొడవపడి తాళం మార్పించుకునేవాళ్లు, ఎవరొచ్చినా కారణం అడగదు. పని చేసి పంపిస్తుంది.

నాన్నకు రెండేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుతురు తప్ప ఏదీ ఆనడం లేదు. అయినా రోజూ షాపుకొస్తాడు. చెవి తిరిగే చప్పుడు విని, "మూడో పన్ను ఇంకొంచెం రాయాలమ్మా" అంటాడు. రాసి చూస్తే సరిగ్గా పడుతుంది. ఆయనకు ఒక్కటే బెంగ. తాత చేత్తో చేసిన తాళం ఒక్కటి కూడా ఇంట్లో మిగల్లేదు. "ఒక్కసారి పట్టుకుంటే చాలు, మళ్లీ ఆయన చెయ్యి పట్టుకున్నట్టుంటుంది" అన్నాడొకసారి. ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

అందుకే ఒక మధ్యాహ్నం ఫోనులో పాత సామాన్ల వేలం చూస్తూ చూస్తూ ఆమె వేలు ఆగిపోయింది. అరచేతంత ఇత్తడి తాళంకప్ప. దాని పొట్ట మీద సున్నా, సున్నాలో చుక్క. చేప కన్నులా ఉండే ఆ గుర్తు షాపులో తాత ఇనుము పెట్టి కొట్టిన దాగలి దిమ్మ మీద కూడా ఉంది. ఫొటో కింద రాశారు: "తాళం వేసి ఉంది. చెవి లేదు."

నాన్నకు చెప్పలేదు. తెచ్చి చేతిలో పెడదామనుకుంది.

వేలంపాట ఆమెకు కొత్త. ఆత్రం కొద్దీ మొదటి రోజే పాట పాడేసింది. అది ఎంత తప్పో సాయంత్రానికి తెలిసింది. ఎవరో పది రూపాయలు పైన పాడారు. ఆమె పెంచింది. మళ్లీ పది పెరిగింది. పేరులో రెండక్షరాలు వదిలి మిగతాదంతా చుక్కలు పెట్టిన ఖాతా అది. ఆమె ఎంత పాడినా దాని మీద సరిగ్గా పది. పద్నాలుగు వందల దగ్గర ఆమె ఊరుకుంది. ఆ మనిషికి పదిరూపాయల పెద్దమనిషి అని పేరు పెట్టి, రాత్రి అన్నం తింటున్నంతసేపూ లోలోపల తిట్టుకుంది.

రెండు వారాల తర్వాత అలాంటిదే రెండోది వచ్చింది. అదే గుర్తు, అదే మాట. ఈసారి బుద్ధి తెచ్చుకుంది. ఆశ ఉన్నట్టు ముందే చూపించకూడదు. చివరి నిమిషం దాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. ఇంకో నలభై సెకన్లు ఉన్నాయనగా ఒకాయన స్కూటరు చెవి విరిగిందంటూ వచ్చి కౌంటరు మీద ముక్కలు పరిచాడు. తల ఎత్తి, దించేలోపు అయిపోయింది. పది రూపాయల తేడాతో పెద్దమనిషిదే.

మూడోదానికి షట్టరు సగం దించి కూర్చుంది. ఐదు సెకన్లు ఉందనగా నొక్కింది. నొక్కీ నొక్కగానే ఆయన పాట పైకొచ్చింది. మనిషై ఉంటే అంత వేగం సాధ్యం కాదు. ఆ తర్వాత కూర్చుని నిబంధనలన్నీ చదివితే తెలిసింది. తను ఎంతవరకు పోగలడో ముందే రహస్యంగా రాసి పెట్టుకుంటే, ఎదుటివాళ్లు పాడినప్పుడల్లా ఆ వేలమే ఆయన తరఫున పది రూపాయలు పెంచుతుందట. ఇన్నాళ్లూ ఆమె పోట్లాడింది ఆ లెక్కతో.

"ఏమిటమ్మా, రోజూ మధ్యాహ్నం మూడింటికి నీ ఊపిరి మారుతోంది?" అన్నాడు నాన్న.

"ఏం లేదు నాన్నా. ఒకడు నన్ను ఆడిస్తున్నాడు."

"తాళమా, మనిషా?"

"రెండూ."

నాలుగోది వచ్చినప్పుడు ఆమె తొందరపడలేదు. జనం హద్దు రాసేటప్పుడు నిండు అంకె రాస్తారని ఈపాటికి గ్రహించింది. మూడోది ఆరువేలకు దగ్గరగా పోయింది కాబట్టి ఆయన ఆరువేలనో, ఆరువేల వందనో రాసి ఉంటాడు. దాని మీద కాస్త చిల్లర పెట్టాలి. నాలుగు సెకన్లు ఉందనగా ఆరువేల నూటపదిహేడు అని కొట్టి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి తాళం ఆమెది. ఆరువేల నూటపదికి. ఆయన పది రూపాయలతోనే ఆయన్ని ఓడించింది.

నిమిషంలో ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. మొట్టమొదటిసారి.

"అది మీకు వెళ్లకుండా ఉంటే బాగుండేది. నా దగ్గర మూడూ మూసే ఉంచాను. దయచేసి తెరవకండి."

ఓడిపోయిన కడుపుమంట అనుకుంది. జవాబివ్వలేదు.

శుక్రవారం పార్సిలు వచ్చింది. పొద్దుటినుంచి ఒకటే వాన. భోజనం చేసొచ్చి నాన్న తన కుర్చీలో, వెనకగోడకు తల ఆనించి కునుకు తీస్తున్నాడు. నాలుగున్నరకే వీధి మసకబారింది. కాసేపటికి కరెంటు పోయింది. వాన తప్ప ఏ చప్పుడూ లేదు. ఆమె చార్జింగు లైటు వెలిగించి, అట్టపెట్టె కోసి, తాళాన్ని చేతిలోకి తీసుకుంది.

ఫొటోలో కనపడనిదొకటి అప్పుడు కనపడింది. తాళం వంకీలో ఇనప ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. గడియ తాలూకు ముక్క. తాళం తీయలేక గడియనే రెండు వైపులా కోసి ఊడబెరికారన్నమాట. అంటే తాత వేసింది వేసినట్టే ఉంది. వేసిన దగ్గర్నుంచి దీన్ని ఎవరూ తీయలేదు.

మూసిన తాళాన్ని చేతిలో పెట్టుకుని ఊరుకోవడం ఆ పని చేసేవాళ్లకు చేతకాదు. నాన్న లేచేసరికి తెరిచి, కొత్త చెవి కోసి, రెండూ కలిపి ఆయన అరచేతిలో పెట్టాలనుకుంది. సన్నటి కమ్మీలు రెండు తీసుకుంది. లోపల లివర్లు నూనె పెట్టినంత మెత్తగా కదిలాయి. ఒకటి... రెండు... ఐదో లివరు దగ్గర చాలాసేపు పట్టింది. ఆరోది తనంతట తనే పక్కకు జరిగినట్టనిపించింది.

తాళం ఊడింది.

చెవి రంధ్రంలోంచి వాసన వచ్చింది. తడి సున్నం వాసన. అప్పుడే కొట్టిన గోడ వాసన. ఇత్తడిలో ఆ వాసనేమిటని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన తాళంలోంచి రావడం లేదు. షాపంతా ఉంది.

అప్పుడు వినపడింది.

టక్... టక్.

వాన అనుకుంది. షట్టరు వైపు చూసింది. మళ్లీ వచ్చింది. టక్... టక్... టక్. వీధి వైపు నుంచి కాదు. వెనకనుంచి.

నాన్న కళ్లు తెరిచి ఉన్నాయి. తల ఇంకా గోడకే ఆని ఉంది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "నా వీపు వెనక ఎవరు?"

ఆమె రెండంగల్లో వెళ్లి ఆయన భుజాలు పట్టుకుని లేపి, కౌంటరు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన చొక్కా వీపంతా తడిగా ఉంది. చేతికి తెల్లగా అంటింది.

"ఏం తెరిచావు?"

"నాన్నా..."

"తాళం ఊడిన చప్పుడుకే మెలకువ వచ్చింది. ఇలా ఇవ్వు."

ఇచ్చింది. ఆయన బొటనవేలు ఇత్తడి మీద నెమ్మదిగా తిరిగింది. గుర్తు దగ్గర ఆగింది. ఆ ముసలి ముఖంలో ఆమె చూడాలనుకున్న సంతోషం ఒక్క క్షణం మెరిసి, అంతలోనే ఆరిపోయింది.

"ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?"

"నాలుగు. మూడు వేరే ఆయన కొనుక్కున్నాడు."

"అప్పటికి నాకు ఇరవై ఏళ్లు," అన్నాడు నాన్న గుసగుసగా. "మీ తాత ఒక్కరోజులో నాలుగు చేశాడు. నాలుగింటికీ ఒకటే చెవి. తనే వెళ్లి ఎవరింట్లోనో ఒకే తలుపుకు వేసొచ్చాడు. వచ్చీ రాగానే ఆ చెవిని ఆకురాయితో రాసి రాసి పొడి చేసేశాడు. ఒకే గదికి నాలుగు తాళాలెందుకు నాన్నా అని అడిగాను. గది లేదురా అన్నాడు. ఉత్త గోడకు తలుపు బిగించారు, దాని వెనక ఇటుకలే, అన్నాడు."

"మరి తాళాలెందుకు?"

నాన్న గోడ వైపు చెవి పెట్టి విన్నాడు.

"నాలుగు రోజులుగా లోపలినుంచి కొడుతున్నారట."

టక్. టక్. టక్. ఇప్పుడు కిందనుంచి. నేలకు దగ్గరగా. ఎవరో కూర్చుని, వేలి కణుపుతో, ఓపికగా... చోటు వెతుక్కుంటున్నట్టు.

"మూసెయ్యి," అన్నాడు నాన్న.

వంకీ దిగలేదు. రోజుకు ఇరవై తాళాలు నొక్కే చేతులు ఆమెవి. రెండు బొటనవేళ్లతో నొక్కింది. కౌంటరుకు ఆనించి ఒంటి బరువంతా వేసింది. లోపల ఏదో మెత్తటిది అడ్డుగా ఉన్నట్టుంది. నొక్కుతుంటే అది వెనక్కి తోస్తోంది. నాన్న తడుముకుంటూ తన చేతులు ఆమె చేతుల మీద వేశాడు. ఇద్దరూ కలిసి... ఒకసారి... ఇంకోసారి...

క్లిక్.

చప్పుడు ఆగింది. వాన మళ్లీ వినపడింది. ఎంతసేపుగా వాన వినపడలేదో కూడా ఆమెకు తెలియలేదు.

ఇద్దరూ చేతులు వదల్లేదు. "అయిపోయిందమ్మా," అన్నాడు నాన్న. ఆ మాటలో నమ్మకం లేకపోయినా ఆమెకు ఏడుపొచ్చింది. "నీ చేతిలో పెడదామని తెచ్చాను నాన్నా" అంది. "తెలుసు తల్లీ" అని తల నిమిరాడు.

ఫోను వెలిగింది. పదిరూపాయల పెద్దమనిషి. మెసేజ్‌లు మూడు వరసగా ఉన్నాయి.

"మీరు తెరిచారా?"

"నావి మూడూ ఇప్పుడే వాటంతటవే ఊడాయి."

మూడోది అప్పుడే వచ్చింది. "మూతపడడం లేదు."

ఆమె వెంటనే టైపు చేసింది. "గట్టిగా నొక్కండి. ఇద్దరు కలిసి నొక్కండి. నాది పడింది."

ఆయన చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. ఒక నిమిషం. రెండు. ఫోను చేద్దామంటే ఆయన నెంబరు లేదు, పేరు కూడా తెలియదు. ఇన్నాళ్లు ఆ మనిషిని ఎంత తిట్టుకుందో గుర్తొచ్చింది. పాపం, ఒంటరిగా ఉంటాడేమో. నొక్కడానికి రెండో మనిషి లేడేమో.

"గోడ ఎలా ఉందో చూడు," అన్నాడు నాన్న.

ఆమె లైటు పట్టుకుని వెళ్లింది. కుర్చీ పక్కకు జరిపింది. గోడ ఎప్పటిలాగే ఉంది. పగులు లేదు, గీత లేదు. నాన్న తల ఆనే చోట నూనె మరక, అంతే. అరచెయ్యి పెట్టి చూసింది. పొడిగా ఉంది. ఊపిరి వదిలింది.

"ఏం లేదు నాన్నా."

ఫోను మళ్లీ వెలిగింది. ఈసారి మెసేజ్ కాదు, వేలం. మీరు వెతికే వస్తువులాంటిది కొత్తగా అమ్మకానికి వచ్చిందని రోజూ వచ్చే కబురే. అమ్మేవారి ఖాతా చూసింది. చుక్కల మధ్య అవే అక్షరాలు. పదిరూపాయల పెద్దమనిషి. ఇన్నాళ్లలో ఆయన ఏదీ అమ్మగా చూడలేదు.

"పాత తలుపు," అని ఉంది. "తాళాలు లేవు. ఫొటో లోపలి వైపునుంచి."

నిలబడిన చోటే ఫొటో పెద్దది చేసింది. అంతా చీకటి. తలుపు పలకలు కూడా సరిగా ఆనడం లేదు. కింద, తలుపుకూ నేలకూ మధ్య సందులో మాత్రం సన్నటి వెలుతురు, చార్జింగు లైటు వెలుతురంత తెల్లగా. ఆ వెలుతురులో తలుపు అవతల నిలబడ్డవాళ్ల చెప్పులు కనపడుతున్నాయి. ఆడవాళ్ల చెప్పులు. ఎడమదాని పట్టీకి పిన్నీసు.

పొద్దున మెట్లు దిగుతుంటే పట్టీ తెగితే పెట్టుకున్న పిన్నీసు. ఆమె కిందకు చూడలేదు. చూడక్కర్లేదు.

"ఏమైందమ్మా? పలకవేం?" కౌంటరు దగ్గర్నుంచి, స్టూలు మీద కూర్చునే అడిగాడు నాన్న.

ఆమె ఫొటోను ఇంకొంచెం పక్కకు జరిపింది.

ఆ చెప్పుల పక్కనే ఇంకో రెండు పాదాలున్నాయి. చెప్పులు లేవు. చీలమండల దాకా తెల్లటి సున్నం. మడమలు తలుపు వైపు, వేళ్లు షాపు వైపు ఉన్నాయి.