పాలచెట్టు కింద కత్తి అడిగిన మనిషి

రేవు దగ్గరి ఏడాకుల పాలచెట్టుకి మా ఊళ్లో మంచి పేరు లేదు. తులామాసంలో, దీపావళి రోజుల్లో, అది పూసిందంటే, మీసాలు మెలేసే మగాళ్లు కూడా చుట్టుదారిన ఇళ్లు చేరతారు. దాని మీద యక్షి ఉందట. తెల్ల ముండు పంచె కట్టుకుని, జుట్టు విరబోసుకుని, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుందట. పలికామా... తెల్లారేసరికి గోళ్లూ వెంట్రుకలే మిగులుతాయి. జ్వరమొస్తే మాత్రం అందరం ఆ చెట్టు బెరడు కషాయమే తాగుతాం.

ఇది కల్లుగీసే కోమన్ నాకు చెప్పింది. చెబుతూ రెండుసార్లు ఏడ్చాడు.

ఆ రోజు చివరి చెట్టు దిగేసరికి చీకటి పడింది. దగ్గరి దారి కదా అని రేవు మీదుగా వచ్చాడు. పాలపూల వాసన గుప్పుమంది. తల తిప్పాడు—

చెట్టు కింద ఆడమనిషి. ఒంటికి అంటుకున్న తడి తెల్లబట్టలు... విరబోసిన జుట్టు... మానుకి చేతులానించి ఏదో గొణుగుతోంది.

"కోమన్నా..." అని పిలిచింది. "నీ కత్తి ఒక్కసారి ఇవ్వవూ?"

అవతలి ఒడ్డున కాపురముంటున్న చెల్లెలు దేవు గొంతు! కోమన్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఇనుము చేతిలో ఉన్నంతసేపూ యక్షి ముట్టుకోదు. అందుకే కత్తి అడుగుతోంది...

"అన్నా... పిల్లాడికి—"

కత్తిని గుండెకి అదుముకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

తెల్లవారాక కబురొచ్చింది. దేవు కొడుకు కుంజన్ జ్వరంతో పోయాడు.

కోమన్ వెళ్లేసరికి అరుగు మీద ముసలి వైద్యర్ తల పట్టుకుని కూర్చున్నాడు. "తలారా స్నానం చేసి, తడిబట్టతోనే చెట్టుని అడిగి బెరడు తియ్యమ్మా అన్నాను. స్నానంలో కత్తి ఏట్లో జారిపోయిందట. గోళ్లతో గీకి చిటికెడు తెచ్చింది. కషాయానికి చాల్లేదు. చాలినా బతికేవాడో లేదో... ఎవరికి తెలుసు నాయనా."

దేవు వేళ్లకి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. ఆ చేతులతోనే అన్న చెయ్యి పట్టుకుంది.

"రాత్రి చెట్టు దగ్గర నీ రూపంలో ఏదో కనిపించిందన్నా," అంది మెల్లగా. "కత్తి అడిగితే పారిపోయింది. అప్పుడే అనుకున్నా, అది నువ్వు కాదని. నువ్వైతే నా గొంతు విని ఆగకుండా పోతావా?"

కోమన్ ఆ గుడ్డపీలికల మీద తన రెండో చెయ్యి వేశాడు.

"కాదమ్మా... నేను కాదు."