ఊపిరి గుర్తు

ముప్పై ఏళ్ళ కిందటి పాటైనా, ఊళ్ళో అందరి నోళ్ళలోనూ నానుతూనే ఉంది. పాడినావిడ ఎప్పుడో పోయింది. ఆ పాటను నలభైమంది వాయించేలా తిరగరాయమని రేడియోవాళ్ళు సంగీతం మాస్టారికి అప్పజెప్పారు. దేన్నీ ఉన్నదున్నట్టు వదిలేసే రకం కాదాయన. గొంతు తీసేసి, వరసంతా ఫ్లూటుకిచ్చారు. ఫ్లూటు వాయించేది ఆయన కూతురే.

చివరి చరణంలో ఆవిడ ఊపిరి పీల్చుకునే చప్పుడు పాత రికార్డులో వినిపిస్తుంది. మాస్టారికది పంటికింద రాయిలా తగిలింది. స్వరాల కాగితం మీద, ఇక్కడ ఊపిరి తీసుకోమని చెప్పే ఊపిరి గుర్తు చెరిపేసి రెండు పాదాలూ కలిపేశారు.

"అక్కడ మాత్రం కలపకండి," అన్నాడు ఒకప్పుడు ఆవిడ పక్కన వాయించిన ముసలి వయొలినాయన. "ఊపిరాడని జబ్బు ఆవిడది. ఆ ఒక్క చోటు కోసమే పాటంతా ఈదుకొచ్చేది."

"మీ చాదస్తం పాడుగాను!" అని నవ్వేశారు మాస్టారు.

మధ్యాహ్నం రికార్డింగు. కిటికీల్లేని గది, మందపాటి తెరలు, దుమ్ము వాసన. కూతురు రెండు పాదాలూ ఒకే దమ్ములో వాయించింది. మాస్టారు పొంగిపోయారు. అందర్నీ పంపేసి, తండ్రీ కూతుళ్ళు ఇంజనీరు పక్కన కూర్చుని టేపు విన్నారు.

పాదాలు కలిసేచోట... ఎవరో ఊపిరి పీల్చారు.

"నాన్నా... ఊపిరాడట్లేదు..." పిల్ల గొంతు పట్టుకుంది.

అలవాటుగా మాస్టారి వేళ్ళు ఆ చప్పుడుకి తాళం లెక్కపెట్టాయి. నాలుగు దెబ్బలు. చప్పుడు ఆగింది. పిల్ల తేరుకుంది.

నమ్మబుద్ధి కాక మళ్ళీ వేయించారు. అదే ఆయన చేసిన పాపం. ఈసారి పదహారు. పిల్ల పెదాలు నీలంగా మారాయి. మాస్టారు టేపు లాగి ముక్కలు చేసేశారు. కాగితం మీద గుర్తు మళ్ళీ పెట్టారు.

ఇంజనీరు గడియారం చూశాడు. "రెండు మిషన్ల మీద ఎక్కించాం మాస్టారూ... రెండో టేపు ఇందాకే రేడియో స్టేషనుకి పంపేశాను. నాలుగింటికి వేస్తారు."

నాలుగవడానికి రెండు నిమిషాలుంది. స్టేషనుకి ఫోను చేస్తే మోగుతూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తలేదు.

కూతుర్ని పొదివి పట్టుకుని వీధిలోకొచ్చారు. ఎటు వెళ్ళాలి? ఇంటింటి కిటికీలోంచీ ఆ పాటే. పిల్ల చెవులు మూశారు. చివరి చరణం వచ్చింది...

వీధంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది.

"నా..." అంది పిల్ల. అంతే.

నాలుగు. పదహారు. ముప్పై.

పాట అయిపోయింది. వార్తలు మొదలయ్యాయి. చదివేవాడి గొంతు వెనకాల ఆ పీల్చడం మాత్రం... ఇంకా ఆగలేదు. పిల్ల చెయ్యి ఆయన చేతిలోనే ఉంది.

మాస్టారు లెక్కపెడుతూనే ఉన్నారు.